బొట్టు పెట్టిన ప్లగ్గు

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. పేకాట ఉంది, తాగుడు ఉంది, నోటి దురుసు ఉంది. నేను వాటి జోలికి పోలేదు. బొటనవేలంత ప్లగ్గుతో ఆ పని దాదాపు పూర్తి చేశాను. ఎలాగో చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వండి. మా బంధువులంతా నవ్వి నవ్వి అలిసిపోయారు గనుక ఇప్పుడు మీ వంతు.

యుద్ధం ముగిసిన కొత్తల్లో మిలిటరీ వాళ్లు తమకు అక్కర్లేని మోటారు సైకిళ్లను వేలం వేశారు. అందులో ఒకటి చేతులు మారి మారి నరసరావుపేటలో నాకు దొరికింది. దాన్ని ఏ సోల్జరు ఏ దేశంలో తిప్పాడో గాని, ఉరకడం కంటే దగ్గడం ఎక్కువ. అయినా పేట బజారులో దాని మీద పోతుంటే ఒక పటాలాన్ని వెంటేసుకుని పోతున్నట్టుండేది నాకు. కుక్కలు కూడా నన్ను చూసి కాస్త గౌరవంగా మొరుగుతున్నాయనుకునేవాణ్ణి. వయసు అలాంటిది.

అప్పుడే గురజాల సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు రాజ్యలక్ష్మి. ఆమెను నేను అంతకుముందే కోటప్పకొండ తిరునాళ్లలో చూశాను. ప్రభల దగ్గర తోపులాటలో వాళ్ల నాన్న చెప్పు ఒకటి పోయింది. ఆయన ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వెతుకుతుంటే, ఈమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక నాకు ఇంకే సంబంధం మాటా చెవికెక్కలేదు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని అమ్మతో తెగేసి చెప్పాను. అమ్మా నాన్నా వెళ్లి చూసి వచ్చి సరేనన్నారు. ఇక నేను వెళ్లి పెళ్లి చూపులు కానివ్వడమే మిగిలింది.

అక్కడే ఒక చిక్కు వచ్చి పడింది. అదే రోజు సాయంత్రం రైలుకి గుంటూరు నుంచి ఇంకో సంబంధం వాళ్లు వస్తున్నారు. ఆ వరుడు బీఏ పాసయ్యాడు, సర్కారు ఉద్యోగం కూడా చేస్తున్నాడు. దగ్గరలో మంచిరోజు అదొక్కటే కావడంతో అమ్మాయి తండ్రి వెంకటప్పయ్య గారు ఇద్దరినీ ఆ రోజే రమ్మన్నారు. దాపరికం తెలియని మనిషి గనుక ఆ సంగతి మాకు కబురు కూడా చేశారు. మధ్యాహ్నానికి మేము, సాయంత్రానికి వాళ్లు. నా చదువు ఫోర్తు ఫారంతో ఆగిపోయింది. కాకపోతే వెంకటప్పయ్య గారికి ఒక పాత కారుందనీ, మోటార్లంటే ఆయనకు ప్రాణమనీ విన్నాను. ఆ బీఏ మీద పోటీకి దింపడానికి నా దగ్గరున్నది ఈ మోటారు సైకిలొక్కటే.

దగ్గే బండితో వెళితే ఉన్న పరువూ పోతుందని, కొత్త ప్లగ్గు కోసం గుంటూరు వెళ్లాను. మా మేనత్త కొడుకు వీరయ్య బావ తోడొచ్చాడు. ప్లగ్గంటే తెలియని వారికి ఒక్క ముక్క చెబుతాను. ఇంజనులో పెట్రోలుకి నిప్పురవ్వ అంటించేది అదే. అది రవ్వ కొట్టకపోతే ఎంత మహారాజు బండైనా పాత ఇనుము కిందే లెక్క. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి కాగితంలో చుట్టిన మామూలు ప్లగ్గు. రెండోది ఎర్రటి డబ్బాలో, దూది పరుపు మీద పడుకుని ఉంది. దాని పింగాణీ తెలుపు, ఆ మెరుపు చూసి నాకు మతి పోయింది.

"మన దగ్గుల బండికి మామూలుది చాలురా. ఏదైనా కొట్టేది రవ్వేగా," అన్నాడు బావ.

"పెళ్లి చూపులకు పోతా మామూలు ప్లగ్గేసుకొని పోమంటావా?"

"వాళ్లు నిన్ను చూస్తారా, నీ ప్లగ్గును చూస్తారా?"

బావ మాట నేను వినలేదు. పోనీ దారిలో అక్కరకొస్తుంది, మామూలుది కూడా ఒకటి జేబులో వేసుకోమన్నాడు షాపాయన. అంత గొప్ప ప్లగ్గు పక్కన ఇంకో ప్లగ్గు పెట్టుకోవడం దాన్ని అవమానించడమే అవుతుందని ఆయనకు చెప్పి వచ్చాను. పాత ప్లగ్గునేమో ఇంటికి రాగానే దొడ్లోకి విసిరేశాను. చూశారా, ఎంత శ్రద్ధగా దారులన్నీ మూసుకుంటూ వచ్చానో.

బయలుదేరే రోజు ఉదయం అమ్మ బండికి పూజ చేసింది. మా వైపు కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా, నాగలి గాని కుట్టు మిషను గాని, ముందు దానికి పసుపు రాసి బొట్టు పెట్టాల్సిందే. అమ్మ హ్యాండిలుకి పెట్టింది, లైటుకి పెట్టింది, చక్రాలకు పెట్టింది. నా ప్లగ్గు మాత్రం డబ్బాలో బోసిగా ఉంది. నాకు మనసొప్పలేదు. తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాను.

"అది లోపలి సామాను గదరా, దానికెందుకు?" అంది అమ్మ.

"బండికి ప్రాణమే అదమ్మా. బాగా దట్టంగా పెట్టు."

అమ్మ ఆ తెల్లటి పింగాణీ చుట్టూ తడి పసుపు పూసి కుంకుమ అద్దింది. పెళ్లికూతురిలా ఉంది ప్లగ్గు. ఆరాక బిగించి ఒక్క తన్ను తన్నితే బండి ఠక్కున అందుకుంది. నిజం చెప్పాలంటే, మామూలు ప్లగ్గయితే దానికి బొట్టు పెట్టించాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు.

పిడుగురాళ్ల దాటేదాకా బండి గాలిలో తేలిపోయింది. బావ వెనక కూర్చుని, ఖరీదైన దాని సంగతే వేరని ఒప్పుకున్నాడు కూడా. అక్కడి నుంచి ముసురు పట్టింది. గురజాల దగ్గర పడ్డాక, దారికడ్డంగా పారుతున్న వాగులో బండిని దూకించాను. నీళ్లు ఇంజను మీదికి ఎగిరిపడ్డాయి. ఒడ్డెక్కగానే బండి ఆగిపోయింది. కాలు నొప్పెట్టేదాకా తన్నాను. లాభం లేదు. బావ వంగి చూశాడు. ప్లగ్గు మీద పసుపూ కుంకుమా తడిసి పాయసంలా కారుతున్నాయి. రవ్వ కొట్టాల్సిన కరెంటు ఆ తడి మీదుగా పక్కదారి పట్టిందన్నమాట.

"ఇంతేనా. శుభ్రంగా తుడిచెయ్, పలుకుద్ది," అన్నాడు బావ.

చేతిరుమాలు తీశాను. ప్లగ్గు దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పెళ్లి చూపులకు పోతా బొట్టు తుడవమంటావా, బావా?"

బావ మొహంలో రంగు మారింది. "నాకు తట్టలా," అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. మా ఇళ్లల్లో ఆ మాట నోటితో అనడమే తప్పు, ఇక చేత్తో చేయడమా? అమ్మ పెట్టిన బొట్టు, అదీ ఈ రోజున. నువ్వు పెద్దవాడివి నువ్వు తుడువు అని నేను, బండి నీది నువ్వే తుడువు అని బావ కాసేపు మర్యాదలు చేసుకున్నాం. తర్వాత ఇద్దరం వంగి, తడి ఆరాలని ప్లగ్గు మీద నోటితో ఊదాం. పైన ముసురు, కింద మేము. పొద్దు జరిగిపోతోంది. గురజాలలో ఆమె ముస్తాబై కూర్చుని ఉంటుందని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

చివరికి నాపరాళ్లు దింపి ఖాళీగా పోతున్న ఎడ్లబండి ఒకటి వచ్చింది. దాని మీదే మోటారు సైకిలుని ఎక్కించాం. జబ్బు చేసిన దూడను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని, ఒళ్లంతా తడిసిన రాతి దుమ్ముతో నేను గురజాలలోకి ఊరేగింపుగా వెళ్లాను.

వెంకటప్పయ్య గారు బయటికొచ్చి నా వంక కాదు, బండి వంక చూశారు. ప్లగ్గు ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"దీనికి బొట్టెవరు పెట్టారయ్యా?"

"మా అమ్మండీ. నేనే పెట్టమన్నాను."

తలుపు చాటున నవ్వు వినపడింది. తిరునాళ్లలో విన్న నవ్వే. భూమిలోకి కుంగిపోవాలనిపించింది, ఇంకోసారి వినాలనీ అనిపించింది. వెంకటప్పయ్య గారు పై కండువా తీశారు. కూతురి పెళ్లి చూపులనాడు తానెలా తుడుస్తానని అనుకున్నారో ఏమో, మళ్లీ భుజాన వేసుకున్నారు. అప్పుడు తలుపు చాటు నుంచే మాట వచ్చింది.

"నాన్నా, దాని బొట్టు ఎవరూ తుడవొద్దు. మన కారులో ప్లగ్గు ఒకటి తీసి పెట్టు."

ఆయన మొహం వెలిగిపోయింది. కారులోంచి మసి పట్టిన మామూలు ప్లగ్గు ఒకటి తీసి బిగించారు. ఒక్క తన్నుకే బండి అందుకుంది. ఆయనే ఎక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టొచ్చి, చిన్నపిల్లవాడిలా దిగారు. ఆ తర్వాత పెళ్లి చూపులు బ్రహ్మాండంగా జరిగాయి. ఆమె తలెత్తి ఒకసారి చూసింది. వర్జ్యం రాకముందే మమ్మల్ని ఆయనే దగ్గరుండి సాగనంపారు.

మేము వెళ్లాక ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రైలు వేళకు ఆయన ప్లగ్గు సంగతే మరిచిపోయి స్టేషనుకు బయలుదేరబోయి కారు తీస్తే, అది ఒక ప్లగ్గు తక్కువై కదలనంది. నా గొప్ప ప్లగ్గు అరుగు మీదే ఉంది గాని, బొట్టుతో ఉంది. ఎడ్లబండి కట్టించుకుని ఆయన స్టేషను చేరేసరికి గుంటూరు వారు లేరు. ఎదురొచ్చే దిక్కు లేని ఇంటి పిల్ల మాకొద్దని, తిరుగు రైలెక్కి వెళ్లిపోయారట.

మా పెళ్లి అయింది. కొన్నాళ్లకు ఒకరోజు భోంచేస్తూ అడిగాను. "ఏమే, ఆనాడు కారు ప్లగ్గు తీయమన్నావు గదా, సాయంత్రం దాంతో పనుందని నీకు గుర్తు లేదా?"

"గుర్తుండబట్టేగా తీయమంది," అని ఆమె చారు వడ్డించింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. అన్నం సాక్షిగా అక్కడికక్కడే శపథం చేశాను. బతికి ఉండగా లోపలి సామానుకు బొట్టు పెట్టించను, ఖరీదైన దానికీ మామూలు దానికీ మధ్య ఎంపిక నేను చేయను. ఆ పని ఇంట్లో ఆమెదే. ఖరీదైన సంబంధాన్ని రైలెక్కించి, మామూలు దాన్ని ఉంచుకున్న మనిషి ఆమె.