కారు కింద దొరికిన గోగునార

మేస్త్రి పోయారన్న కబురు సోమవారం ఉదయం మా కాంపౌండరు తెచ్చాడు. అప్పుడు నేనొక పసిబిడ్డ దగ్గు వింటున్నాను. గుండెనొప్పి అన్నాడు. నాలుగు రోజులుగా వస్తూ పోతూ ఉందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మా ఆస్పత్రికీ ఆయన రేకుల షెడ్డుకీ మధ్య నాలుగు వీధులు. పొద్దస్తమానం ఊరందరి గుండెలూ వినేదాన్ని, ఒక్కసారి ఇటొచ్చి కూర్చుంటే ఆయన సొమ్మేం పోయింది? ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. తగ్గాక రాస్తే మరీ పొగుడుతానేమో.

ఆయన లారీలూ కార్లూ బాగుచేసే మేస్త్రి. విజయనగరంలో రైలు గేటు దాటాక ఎడమచేతి వైపు షెడ్డు. బండి తీసుకెళ్లగానే బానెట్ ఎత్తే రకం కాదు. చెవి మీద ఆరిపోయిన బీడీ ముక్క పెట్టుకుని ముందు ప్రశ్నలు మొదలుపెట్టేవారు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఆ సమయంలో ఎవరు దగ్గినా కసురుకునేవారు. అది చూసి ముచ్చటపడి ఒకసారి నా పాత స్టెతస్కోపు ఇచ్చాను. వారం తిరక్కుండా తెచ్చి నా బల్ల మీద పెట్టేశారు.

"ఇది మెత్తని సోట పనికొస్తాదమ్మా. ఇనుము మాట ఇనుముకే తెలుస్తాది" అన్నారు.

ఆయనతో నా పరిచయం ఒక చప్పుడు వల్ల కలిగింది. అరవై ఏడో సంవత్సరం వానాకాలం. మా నాన్న నాకు వదిలివెళ్లిన పాత కారుకి జబ్బు చేసింది. ముందు చక్రం గుంటలో దిగినప్పుడల్లా కింద ఎక్కడో టక్కుమనేది. ముప్ఫై మైళ్ల వేగం దాటితే స్టీరింగు చేతుల్లో వణికేది, చలిజ్వరం వచ్చినవాడి చెయ్యి పట్టుకున్నట్టు. ఇద్దరు మెకానిక్‌లు చూశారు. ఒకడు చక్రాలన్నాడు, ఇంకొకడు గేరు పెట్టె అన్నాడు. ఏవో విప్పారు, ఏవో బిగించారు. చప్పుడు మాత్రం నాతోనే ఇంటికొచ్చింది.

మా అన్నయ్య ప్లీడరు. ఆడపిల్ల ఒంటరిగా కారేసుకుని పల్లెలకి పురుళ్లు పొయ్యడానికి తిరగడం ఆయనకి మొదటినుంచీ నచ్చదు. ఈ చప్పుడు ఆయనకి మంచి సాక్షిలా దొరికింది. "శుక్రవారం బేరగాడు వస్తాడు. ఇచ్చేద్దాం. నీ ప్రాణం కంటే ఎక్కువా?" అన్నాడు. కొత్త కారు కావాలంటే జాబితాలో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఈ కారు పోతే నా పల్లెలూ పోతాయి. రామతీర్థం చుట్టుపక్కల ఆ నెలలో నా కోసం చూస్తున్న గర్భిణులు ముగ్గురున్నారు. బుధవారం పొద్దున్నే మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను.

"ఏటమ్మా, ఏటంతాది బండి?" అన్నారు.

చెప్పాను. కుడికి తిప్పితే ఎక్కువా, ఎడమకి తిప్పితే ఎక్కువా? బ్రేకు తొక్కితే వణుకు తగ్గుతాదా, పెరుగుతాదా? ఎన్నాళ్లై? నేను రోగిని అడిగే ప్రశ్నలే. నాకు సరదా వేసింది. చివరగా, "బండి ఎక్కడైనా పడిందా? దేన్నైనా గుద్దిందా?" అన్నారు. లేదన్నాను. అది పూర్తి నిజం కాదు. ఆ సంగతి కాస్సేపట్లో చెబుతాను.

తర్వాత నా పక్కన కూర్చుని నెల్లిమర్ల రోడ్డు మీద నడపమన్నారు. వణుకు మొదలవగానే, "గేరు తీసెయ్యండి, ఒట్టినే పోనియ్యండి" అన్నారు. ఇంజనుతో పని లేకుండా బండి జారుతోంది, వణుకు మాత్రం పోలేదు. "అయితే ఇంజనూ కాదు, గేరు పెట్టే కాదు" అని ఒక వేలు మడిచారు. షెడ్డుకొచ్చి ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి మళ్లీ తిప్పించారు. అదే వణుకు. "చక్రాలూ కాదు." ఇంకో వేలు. ఏది కాదో ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోయే ఆ పద్ధతి నేను మెడికల్ కాలేజీలో ఏళ్ల తరబడి నేర్చుకున్నాను. ఈయనకి ఎవరు నేర్పారో అడగాలనుకుంటూనే అడగలేకపోయాను.

అప్పుడు గోనెపట్టా పరుచుకుని కారు కిందకి దూరారు. "స్టీరింగు కొంచెం ఇటూ కొంచెం అటూ ఆడించండమ్మా, పసిపిల్ల ఉయ్యాల ఊపినట్టు." నేను ఊపుతున్నాను. కింద ఆయన కీలు కీలునా అరచెయ్యి వేసి చూస్తున్నారు. చాలాసేపటికి "ఆపండి" అన్నారు. బయటికొచ్చి నా ముందు చెయ్యి చాపారు. వేళ్ల మధ్య గ్రీజు అంటిన పీచు ఉంది.

"గోగునార. ముందు చక్రాలు రెండిటినీ కలిపే రాడ్డుకి సుట్టుకునున్నాది. రాడ్డు వంగింది, చివర కీలు ఒదులైపోయింది. టక్కుమనేది అదే, వణికేదీ అందుకే. తాడు కట్టి లాగారు దీన్ని." బీడీ ముక్క చెవి మీంచి తీసి మళ్లీ పెట్టుకున్నారు. అంతవరకూ 'అండి' అన్న మనిషి, "తల్లీ, నీకాడికొచ్చినోలు రోగం దాస్తే నువ్వేటి సేస్తావు?" అన్నారు.

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. చెప్పేశాను. నెల కిందట ఒక పురుటికి వెళ్తూ గెడ్డ దాటబోయి నీళ్ల నడుమ ఇసకలో దిగబడిపోయాను. పొలంలో వాళ్లు ఎడ్లని తోలుకొచ్చారు. ఒకాయన నీళ్లలో మునిగి, చేతికి అడ్డంగా తగిలిన రాడ్డుని ఇరుసు అనుకుని దానికే తాడు బిగించాడు. నాటుబండిని అలాగే లాగుతారు మరి. పాపం, బండి కదలగానే వాళ్లంతా ఈలలు వేశారు. పురుడు వేళకి అందుకున్నాను, తల్లీ బిడ్డా క్షేమం. అన్నయ్యకి తెలిస్తే ఇల్లు కదలనివ్వడని ఎవరికీ చెప్పలేదు.

మేస్త్రి నవ్వారు. "బండి అబద్ధమాడదమ్మా. ఎక్కినోలే ఆడతారు."

రెండు రోజులు ఆ రాడ్డుని కొలిమిలో కాల్చి, దెబ్బ దెబ్బకీ దారం పట్టి చూసుకుంటూ తిన్నగా సాపు చేశారు. ఒదులైన కీలు తీసేసి ఇంకో బండిది వేశారు. శుక్రవారం బేరగాడు రాకముందే అన్నయ్య షెడ్డుకొచ్చాడు. జబ్బేమిటని అడిగాడు. మేస్త్రి రాడ్డూ కీలూ చూపించి అంతా వివరించారు. ఎలా వంగిందని అన్నయ్య అడిగితే, "అది డాక్టరమ్మ సెప్పాల" అని స్పానర్లు తుడుచుకోవడంలో పడిపోయారు. ఆ క్షణంలో ఆయన్ని తిట్టుకున్నాను. నా తరఫున ఒక చిన్న అబద్ధమాడితే ఏం పోయింది? ఆడలేదు. నన్ను పట్టివ్వనూ లేదు. నేనే చెప్పుకున్నాను. అన్నయ్య మొహం ఎర్రబడింది.

"గెడ్డలో ఒంటరిగానా? ఇంకేం వద్దు, అమ్మేద్దాం" అన్నాడు.

"అమ్ముకోండి బాబూ, బండి మీది" అన్నారు మేస్త్రి. "గానీ నాను సేసిన పని సూడకుండా అమ్మితే నాకు నచ్చదు. ఆ గెడ్డ కాడికే ఎల్దాం. మీరూ ఎక్కండి."

ముగ్గురం బయల్దేరాం. నేను నడుపుతున్నాను, మేస్త్రి పక్కన, అన్నయ్య వెనక. రోడ్డు మీద ముప్ఫై దాటింది, నలభై అందుకుంది. స్టీరింగు నా చేతుల్లో నిద్రపోతున్నట్టుంది. గుంటల్లో దిగినా చప్పుడు లేదు. గెడ్డ ఒడ్డున ఆపాను. మధ్యాహ్నం ఎండలో నీళ్లు బురదగా పారుతున్నాయి. ఇంజను కూడా ఆపేశాను. ఇక్కడ మళ్లీ దిగబడితే ఈ కారుతో పాటు నా పనీ ఆ ఒడ్డునే ఆగిపోతుంది.

మేస్త్రి దిగి, చెప్పులు ఒడ్డున విడిచి, పంచె ఎగ్గట్టి నీళ్లలోకి నడిచారు. పాదాలతో అడుగు తడుముకుంటున్నారు. మెత్తగా తగిలితే పక్కకి జరిగేవారు, గట్టిగా తగిలితే ముందుకి వెళ్లేవారు. మోకాళ్ల లోతు వచ్చింది. నేనింకా ఇంజను ఆపి కూర్చునే ఉన్నాను.

వెనక సీట్లోంచి అన్నయ్య ముందుకి వంగాడు. మేస్త్రి వేసే ఒక్కో అడుగూ చూస్తూ అన్నాడు: "పోనియ్యవే. ఆయన వెనకే పోనియ్యి."

ఇంజను స్టార్టు చేసి నీళ్లలోకి దించాను. మేస్త్రి వెనక్కి తిరిగి చూడలేదు. కారు వస్తోందని ఇంజను చప్పుడుకే తెలిసినట్టుంది. ఒక చేత్తో పంచె పట్టుకుని, రెండో చెయ్యి తల మీదకెత్తి, రమ్మని ఊపుకుంటూ అవతలి ఒడ్డు వైపు నడుస్తున్నారు.