విరిగిన మట్టతో సహా

రాజోలులో బస్సు దిగగానే ఎదురుగా ఒక నూనె కొట్టు బోర్డు మీద నా కొబ్బరిచెట్టు కనిపించింది. అమలాపురంలో కొబ్బరినూనె మిల్లు నడిపే ఒకాయనకు నేను గీసిచ్చిన లోగో అది. గాలివానకు మట్ట విరిగి వేలాడుతున్న మా పెరటి చెట్టును చూసి గీశాను. ఆ విరిగిన మట్టతో సహా దించేశారు.

ఒళ్ళు మండాల్సింది పోయి భయమేసింది. ఒకే బొమ్మను ఇద్దరికి అమ్మానని ఆయన అనుకుంటే? ఆ మాట పాకితే ఇక్కడ నాకు పనెవరిస్తారు? నా కంప్యూటర్లో చిత్తుబొమ్మలన్నీ తేదీలతో ఉన్నాయి. కానీ నన్నే అనుమానించే మనిషి వాటిని నమ్ముతాడా?

అప్పుడు గుర్తొచ్చింది. లేబుళ్ళు అచ్చుకిచ్చే ముందు ఆయన మొదటి ప్రింటును ఐనవిల్లి వినాయకుడి దగ్గర పూజలో పెట్టించి, కుంకుమ బొట్టుతో ఉన్న ఆ కాగితాన్ని తన ఫోన్లో ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో తేదీ నేను మార్చగలిగేది కాదు.

ఆయనకు ఫోన్ చేశాను. "రాజోలులో ఒక నూనె కొట్టు బోర్డు మీద మన చెట్టును దించేశారు. ఆ పూజ ఫోటో పంపండి, వాళ్ళకి లాయరు నోటీసు ఇద్దాం" అన్నాను.

"ఆయ్, పంపుతానండీ. ఆ బోర్డు నేనూ చూసేనండీ. మీరే ఇచ్చేరేమోనని, అడగడానికి ఇన్నాళ్ళూ భయపడ్డానండీ" అన్నారాయన.

అప్పుడు మండింది ఒళ్ళు.