నాలుగు డాలర్ల కొబ్బరికాయ

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడుతున్న రోజుల్లో, వాటిని సరిచేసే పని మీద మావారిని ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరికి పంపారు. అక్కడ కొబ్బరికాయ నాలుగు డాలర్లు. ఆ డబ్బుకి మా కాకినాడలో ఇరవై కాయలు వచ్చేవి.

మావారి కాంట్రాక్టు పొడిగిస్తారో, ఇంటికి పంపేస్తారో మర్నాడు తేలుతుందనగా కూరగాయల కొట్టుకి వెళ్లాను. రెండో కాయ కొనే స్తోమత లేదు కనుక, ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి ఆడిస్తున్నాను.

"లోపల ఎవరైనా పలుకుతున్నారా, డియర్?" అంది కొట్టు నడిపే పెద్దావిడ మార్గరెట్.

"నీళ్లు పలకాలండీ. రేపు దేవుడికి కొట్టాలి. కుళ్లితే మా ఆయన ఉద్యోగం..." నాకొచ్చిన ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది.

ఆవిడ నవ్వలేదు. గల్లాపెట్టె మూసేసింది. "అందరూ ఇటు రండి, ఈ పిల్ల మొగుడి ఉద్యోగం మన చేతుల్లో ఉంది!"

వరుసలో ఉన్న ముగ్గురూ తలా ఒక కాయ చెవికి ఆనించుకున్నారు.

"నాది మోగుతోంది!"

"నీ చెవికి మిషనుంది, బిల్. మోగేది అదేనేమో!"

చివరికి చేతులెత్తి ఓటేసి బిల్ కాయనే గెలిపించారు.

పొద్దున్నే కొట్టాను. కుళ్లింది. "ఇంతమంది చెవులొగ్గారు, వాళ్ల ముఖమైనా చూడు తండ్రీ" అని దణ్ణం పెట్టుకున్నాను. మధ్యాహ్నం మావారు ఫోన్ చేశారు. ఆరు నెలలు పొడిగించారట.

పరుగున వెళ్లి చెప్పాను. మార్గరెట్ వీధిలోకొచ్చి, "బిల్, నీ కాయ గెలిచింది!" అని కేకేసింది. ఆయన రోడ్డు మధ్యలో ఆగి టోపీ తీశాడు.

కాయ కుళ్లిన సంగతి ఈనాటికీ దేవుడికీ, నాకూ మాత్రమే తెలుసు.