చాసిస్ నంబరు మీద శాంత పేరు

ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉందనగా నన్ను మహారాష్ట్రలోని గడ్చిరోలికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లంటారు. తెలంగాణ సరిహద్దులోని సిరొంచ అక్కడికి చాలా దూరం కనుక నెలకోసారి మేమే వెళ్లి గెస్ట్ హౌస్ ఆవరణలో క్యాంపు పెట్టేవాళ్లం. వానలు వెనకబట్టిన ఒక క్యాంపు రోజున ఇది జరిగింది.

సిరొంచలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రాజేశం, మంచిర్యాలలో కొన్న పాత చిన్న ఎస్‌యూవీని తెచ్చాడు. తెలంగాణ బండికి మహారాష్ట్ర నంబరు రావాలంటే అక్కడి ఆఫీసు నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ నా తనిఖీ కావాలి. తనిఖీలో ముఖ్యం చాసిస్ నంబరు. అది బండి ఇనుములోనే లోతుగా అచ్చు వేసి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును ఫైలులో అంటిస్తాం. కాగితాల్లోని నంబరూ ఇనుము మీది నంబరూ ఒకటైతేనే సంతకం.

బానెట్ ఎత్తి చూద్దును కదా, నంబరు చివర సన్నటి చుక్కల గీతలు! ఆఖరి అంకె మూడో ఎనిమిదో తేలలేదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. దొంగ బండి తెచ్చి నా చేత సంతకం పెట్టించుకుందామనుకున్నావా అని నలుగురిలో అరిచేశాను. నంబరు దిద్దిన బండిని పోలీసులకు అప్పగించాలి. రాజేశం బిక్కచచ్చిపోయాడు.

వెనక సీటులోంచి ఆయన భార్య శాంత మెల్లగా దిగింది. మోచేతి దగ్గర పట్టీ ఉంది. వారానికి రెండుసార్లు మంచిర్యాలలో డయాలసిస్. బస్సుల్లో తిరగలేకే ఈ బండి కొన్నారు. మర్నాడు మళ్లీ వెళ్లాలి.

"ఆయన్నేమనకుండ్రి సార్, గది కొట్టింది నేనే" అన్నదామె. "గీ నంబరే బండికి గుర్తని అమ్మినోడు చెప్పిండు. పక్కపొంటి మా పేరు గూడ ఉంటే మంచిదనుకున్న. మిషన్ జర జారింది. పేరు లేని గిన్నె ఇంటికి మల్ల రాదు గద సార్!"

వాళ్లు పెళ్లిళ్లకు వంట గిన్నెలు అద్దెకిస్తారట. ప్రతి గిన్నె మీదా కరెంటు మిషన్‌తో ఆమే పేరు కొడుతుందట. మళ్లీ వంగి చూస్తే ఆ చుక్కల్లో 'శాంత' అనే అక్షరాలు పోల్చుకోగలిగాను. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. అయినా చెప్పిన మాట సాక్ష్యం కాదు. దుకాణం నుంచి మిషన్ తెప్పించి, ఒక స్టీలు పళ్లెం మీద అదే పేరు కొట్టమన్నాను. అక్షరాల వాటం అచ్చం బండి మీద ఉన్నట్టే ఉంది. తర్వాత పెన్సిల్‌తో రుద్దాను. లోతైన అంకె నిండుగా తెల్లగా తేలింది, పైచుక్కలు ఆనీ ఆనకుండా ఉన్నాయి. నా కంటికి అది మూడే. కాగితాల్లోనూ మూడే.

కానీ అనుమానం వచ్చాక, మొదటి రిజిస్ట్రేషన్ ఫైలులోని పాత అచ్చును తెప్పించి పోల్చాలి. దానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా బండిని ఆపాలా వదలాలా? తప్పయితే చివరి దశలో నా ఉద్యోగానికే ఎసరు. జరిగిందంతా పంచనామాలో రాసి, పళ్లెం ఫైలుకు జతచేసి, రాజేశం దగ్గర హామీపత్రం తీసుకుని బండి వదిలాను.

పై అధికారి సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. రెండో క్యాంపు నాటికి పాత అచ్చు వచ్చింది. మూడే. బండి పాసయింది.

"ఇగ పేరు యాడ కొట్టుకోవాలె సార్?" అని శాంత నన్నే ఆటపట్టించింది. జాకీ మీద, స్టెప్నీ రిమ్ము మీద కొట్టుకోమన్నాను. మెకానిక్కుల దగ్గర మారిపోయేవి అవే.

నంబరు దిద్దారని రాసే ముందు ఎవరు, ఎందుకు దిద్దారో అడగాలని అంత సర్వీసు తర్వాత నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా ఉంది. రాజేశాన్ని దొంగ అన్నది నలుగురిలో. తప్పయిందని చెప్పింది మాత్రం పక్కకు పిలిచి. అది కూడా నలుగురిలోనే చెప్పి ఉండాల్సింది.