‘అన్‌బినోన్‌స్ట్’కు ఒక ఉదాహరణ

ఆంగ్లపదాలకు తెలుగు అర్థాలు కూర్చే ఆ కార్యాలయంలో ఆయనను అందరూ ‘నిఘంటువుగారు’ అనేవారు. అట్టముక్క మీద మాట, అర్థం, ప్రయోగం రాయడమే ఆయన నిత్యానుష్ఠానం. ఉదాహరణ వాక్యం బతుకులోంచి రావాలే తప్ప ఊహలోంచి కాదన్నది శిష్యుడికి ఆయన ఉపదేశించిన మంత్రం.

అచ్చుకు ముందు ప్రూఫులు ఇంటికి వచ్చేవి. కిటికీ పక్క బల్ల దగ్గర భార్య కామాలతో సహా పైకి చదివేది. ఆయన రాతప్రతి మీద వేలు నడుపుతూ సరిచూసేవాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో వారి పోట్లాటలు కూడా విరామచిహ్నాల దగ్గరే.

ఆ మధ్యాహ్నం ‘అన్‌బినోన్‌స్ట్’ వచ్చింది. ‘అన్‌బినోన్’ అనే మాటకు మరో రూపం. ఒకరికి తెలియకుండా అని అర్థం. ఎవరికి తెలియకుండానో ఆ మనిషిని వెంటనే చెప్పడం వాడుక. ఆయన జ్వరంతో పడుకున్న వారంలో శిష్యుడు రాసిన పుట అది. వేలు ఆమె గొంతు కన్నా ఒక పంక్తి ముందు నడిచింది. అక్కడే ఆగింది.

పెళ్లయిన తొలి ఏడు తాను చేసిన పని అక్కడ ఉంది. కొడుకులాంటివాడని నమ్మి, మనసు బరువు దింపుకోవడానికి శిష్యుడొక్కడికే చెప్పుకున్నాడు. వాడు గొంతు కోశాడు, అదీ తాను చేతికిచ్చిన కలంతోనే.

“ఈ పేజీ నేను చూసుకుంటాలే. నువ్వు కాస్త నడుం వాల్చు.”

“మధ్యలో వదిలేస్తే ఎలాగండీ,” అని ఆమె చదివింది. “భార్యకు తెలియకుండా, కామా, బధిరుల పాఠశాలలో ఉద్యోగానికి ఆమెను పిలుస్తూ వచ్చిన ఉత్తరాన్ని అతడు చించివేశాడు. పూర్ణవిరామం.”

తపాలావాడి కోసం ఆ ఏడు ఆమె ఎన్ని సాయంత్రాలు గుమ్మంలో నిలబడిందో ఆయనకు తెలుసు.

“ఆ ఉద్యోగానికి రాసిన పరీక్ష తప్పాననుకున్నాను,” అంది ఆమె. “నాకంత తెలివి లేదనుకుంటూనే ఇన్నేళ్లూ మీ ప్రూఫులు చదివాను.”

“వాడు నన్ను మోసం చేశాడు.” అన్నాడాయన.

“మిమ్మల్నా?”

ఆయన ఎర్ర పెన్సిలు అందుకుని వాక్యం కొట్టెయ్యబోయాడు. ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

“తప్పుంటే దిద్దండి. ఇందులో తప్పేం లేదు.”

కళ్లద్దాలు మడిచి, కాగితాల దొంతర ఆయన వైపు జరిపి ఆమె లేచింది. తరువాతి మాట మీద వేలుంచి ఆయన చాలాసేపు కూర్చున్నాడు. పైకి చదివే గొంతు మరి రాలేదు.