పుష్పాబాయి తీసిన బీరువా

సూర్యాపేట పాత బస్టాండుకు ఎదురుగా, సైకిల్ షాపు పక్కన ఒక చెక్కపెట్టె, ఇనుప తీగకు గుచ్చిన తాళంచెవులు, వెనక ఒక చాప ఉండేవి. ఎనభైల మొదట్లో ఆ చాప మీద జవహర్ కూర్చునేవాడు. దామరచర్ల దగ్గరి తండా నుంచి మిర్యాలగూడ వచ్చి, రైస్‌మిల్లులో పనిచేస్తూ అక్కడి ముసలి మేస్త్రీ దగ్గర తాళాల పని నేర్చుకుని సూర్యాపేట చేరినవాడు. ఎనభై ఆరులో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం చెడలేదు. ఆ మాటతోనే భార్య పుష్పాబాయికి పని నేర్పాడు.

ఆమెకు అక్షరం రాదు. కానీ రవికెల మీద అద్దాలు కుట్టి కుట్టి వేళ్లు సన్నటి పనికి అలవాటు పడ్డాయి. మొదటి మూడు నెలలు పాత తాళాలను పాడుచేయడమే సరిపోయింది. ఆ తర్వాత చెయ్యి కుదిరింది.

"తలుపు మీద గీత పడొద్దు. గీత పడ్డదంటే మనం తీసినట్టు కాదు, పలగ్గొట్టినట్టు" అనేవాడు జవహర్.

ఆడమనిషి తాళం తీయడమేమిటని నవ్వినవాళ్లే ఏడాది తిరగకుండా పిలవడానికి వచ్చారు. చెవి బావిలో పడిందని ఒకరు, పిల్లాడు ఎక్కడో పారేశాడని ఒకరు. ఇంట్లో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకైతే ఆమె రావడమే నిమ్మళంగా ఉండేది.

తొంభైలో ఆ పని ఆగిపోయింది. మునగాల దారిలోని ఒక ఊరి నుంచి ఒకాయన వచ్చి, తన ఇంటి తాళంచెవి పోయిందని బస్సెక్కించుకుపోయాడు. ఆమె తలుపు తీసి పక్కకు జరిగిందో లేదో, వీధి చివరి నుంచి ఒకామె అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆ ఇల్లు అన్నదమ్ముల తగాదాలో ఉందట. తాళం వేసింది తమ్ముడట. జనం పోగయ్యారు. "లంబాడోళ్లకు తాళాలు తీసుడు కొత్తనా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. పోలీసులు ఆమెను ఠాణాకు తీసుకెళ్లి, జరిగిందంతా చెప్పించుకుని, ఆమె తప్పేమీ లేదని సాయంత్రానికి పంపించారు. కానీ ఆ మాట ఆమెతోపాటే ఇంటికి వచ్చింది. మర్నాడు పెట్టె ముందు కూర్చుంటే చేతులు వణికాయి. పెట్టెను మంచం కిందికి తోసి కూలికి పోవడం మొదలుపెట్టింది.

దాదాపు రెండేళ్లు అలాగే గడిచాయి.

తొంభై రెండు మార్చిలో ఒక సోమవారం పొద్దున, మిరప తోటకు పోవడానికి ఆమె సద్ది కట్టుకుంటుంటే, సీత వగరుస్తూ వచ్చింది. సీతది వాళ్ల తండానే; పుష్పాబాయిని తండా భాషలో అమ్మను పిలిచినట్టే యాడీ అని పిలుస్తుంది. సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది.

"యాడీ, జర రా! ఇయ్యాల్నే పరీక్ష. మా హాల్‌టికెట్లన్నీ బీరువాల ఉన్నయ్. మేడం తాళాలు బస్సుల పోయినయ్!"

పిల్లలు పోగొట్టుకుంటారని వార్డెన్ చంద్రకళ ఇరవై మూడు మంది హాల్‌టికెట్లనూ బీరువాలో దాచింది. ఆదివారం కోదాడలో పుట్టింటికి వెళ్లి, పొద్దున మొదటి బస్సుకు తిరిగివస్తే, ఆ రద్దీలో కొంగుకు కట్టుకున్న గుత్తి ఎక్కడో జారిపోయింది. రెండో చెవి ఎప్పుడో పోయింది.

"నేనిప్పుడు ఆ పని చేస్తలేను బిడ్డా" అంది పుష్పాబాయి.

జవహర్ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "సర్కారు బీరువా పుష్పా. ముందట మేడం ఉంటది, పిల్లలుంటరు. నిన్నెవరేమంటరు? ఆ పిల్లలు ఏడాదంతా సదివిండ్రు."

ఆమె సద్దిమూట పక్కన పెట్టింది. తర్వాత మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది.

హాస్టలు చేరేసరికి ఏడూ యాభై. వెల్డింగ్ షాపు సుధాకర్ అప్పటికే గ్యాసు కట్టర్ దించి ఉన్నాడు.

"పావుగంటల కోసేస్త మేడం" అంటున్నాడు.

"లోపలున్నవి కాగితాలయ్యా! మంట తగిలితే ఏం చేసుకోను?" చంద్రకళ బీరువాకు అడ్డంగా నిలబడింది. "గడ్డపారతో లేపించొచ్చు కదా?"

"తలుపు వంగి ఇరుక్కుంటది. అప్పుడైనా కొయ్యాల్సిందే."

పుష్పాబాయి బీరువా ముందు కూర్చుంది. "మేడం, నేను తీస్త. కానీ తీసేదాకా మీరు ఈడికెల్లి కదలొద్దు. అందరు సూస్తుండాలె."

"ఎంతసేపు పడుతుందమ్మా? తొమ్మిదింటికల్లా పిల్లలు బయల్దేరాలి."

"గంట."

పెట్టెలో ఆ తాళానికి సరిపోయేవి, పళ్లు కోయని చెవులు రెండే ఉన్నాయి. ఒకదాన్ని కిరోసిన్ దీపం మీద పట్టి నల్లగా మసి పట్టించింది. రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పి బయటికి తీసింది. లోపలి రేకులు తగిలినచోట మసి చెరిగి ఉంది. అక్కడ ఆకురాయితో కాస్త అరగదీసి, మళ్లీ మసి పట్టించి, మళ్లీ పెట్టింది. చేయి వణుకుతూనే ఉంది. ఎనిమిదీ ఇరవైకి ఆకురాయి ఒకచోట లోతుగా దిగింది. ఆ చెవి ఇక పనికిరాదు.

ఆమె దాన్ని పక్కన పెట్టింది. సుధాకర్ కట్టర్ వైపు ఒక అడుగు వేశాడు.

"ఇంకొకటి ఉంది" అంది పుష్పాబాయి, అతని వైపు చూడకుండా. "లైటు పడ్తవా అన్నా? సక్కగ కనిపిస్తలేదు."

సుధాకర్ ఆగాడు. మూల నుంచి టార్చి తెచ్చుకుని ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని వెలుతురు పట్టాడు.

మొదటి చెవి ఎక్కడెక్కడ అరిగిందో వేళ్లకు గుర్తుంది. ఈసారి గుంటలు త్వరగానే పడ్డాయి. చివరిదొక్కటే మొండికేసింది. ఒకటి, రెండు, మూడుసార్లు తీసి పెట్టింది. ఎనిమిదీ యాభైకి చెవి పూర్తిగా తిరిగింది. టక్కుమన్న చప్పుడు గదంతా వినిపించింది. పుష్పాబాయి పిడి వంచి తలుపు లాగింది. పై అరలో, రబ్బరు బ్యాండు చుట్టిన హాల్‌టికెట్ల కట్ట.

చంద్రకళ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. సుధాకర్ "హమ్మయ్య" అని నేల మీదే చతికిలబడి నవ్వాడు. పేర్లు పిలుస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే కాగితం అందుకుని పరిగెత్తారు. సీత మాత్రం గుమ్మం దాటినదల్లా వెనక్కివచ్చి పుష్పాబాయి మెడను చుట్టుకుని, తండా భాషలో ఏదో చెప్పి, మళ్లీ పరిగెత్తింది.

పుష్పాబాయి చెంబెడు నీళ్లు అడిగి తాగింది. అప్పుడు చూసుకుంది తన చేతుల్ని. మసి తప్ప ఏమీ లేదు. ఎప్పుడు ఆగిందో గాని వణుకు లేదు.

చంద్రకళ బీరువా తలుపు మీద చేత్తో నిమిరి చూసింది. "ఒక్క గీతన్నా పడలేదమ్మా" అంది.

ఆ రోజు ఆమె తోటకు పోలేదు. ఇంటికి వస్తే జవహర్ గుమ్మంలోనే ఉన్నాడు.

"తీసినవా?"

"తీసిన. మొదటి చెవి ఖరాబైంది."

"ఎన్నో పల్లు కాడ?"

చెప్పింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక, "ఇంకోపారి సెప్పు. మసి పట్టిచ్చిన కాడికెల్లి సెప్పు" అన్నాడు. ఆమె నవ్వి, చేతులు కడుక్కుని, సద్దిమూట విప్పి అతని కంచంలో అన్నం పెడుతూ మళ్లీ మొదలుపెట్టింది.