అవ్వ తెరిచిన పేజీ

మార్కాపురం నుంచి పొదిలి వెళ్లే బస్సులో ఆ రోజు నా చేతిలో ఒక జపనీస్ మాంగా ఆఖరి భాగం ఉంది. యుద్ధానికి పోయిన అన్న చెల్లెలి దగ్గరికి తిరిగొస్తాడో లేదోనని పన్నెండు భాగాల నుంచీ భయపడుతున్నాను. ముగింపు చెత్తగా ఉందని నెట్‌లో అందరూ తిడుతుంటే, తెరవడానికి చెయ్యి రావడం లేదు.

పక్కన గొర్రెలు కాచుకునే అవ్వ ఒకామె కూర్చుంది. "బొమ్మల పుస్తకమా? ఇట్లియ్యి నాయనా" అని తీసుకుంది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఆమె మన పుస్తకంలాగే తెరిచింది. నేరుగా చివరి పేజీ వచ్చింది. నేను గబుక్కున కళ్లు మూసుకున్నాను.

"నాకేం చెప్పొద్దవ్వా."

"చెప్పేదానికేముంది? పిల్ల ఒక్కతే తలుపు తీసిపెట్టి దోవ చూస్తా ఉంది. ఒక్క గొర్రె రాకున్నా మేమూ దొడ్డి తడిక ఎయ్యం. ఇంకా మొదలే గదా, వస్తాడులే ఎవురో."

అన్న రాలేదన్నమాట. ఆమె మొదలనుకున్నది చివరి పేజీ అని చెప్పకుండానే పుస్తకం వెనక్కి తీసుకున్నాను. ఆమె కొనకనమిట్లలో దిగిపోయింది.

నచ్చని మాంగా సిరీస్‌ల గురించి నేను నెట్‌లో పేజీలకు పేజీలు తిట్టి రాస్తాను. ఈ ముగింపు గురించి అడిగితే మాత్రం, అన్న ఇంకా దోవలో ఉన్నాడని రాస్తాను.